ముంజేతి ఫ్లాపులు: కణితి తొలగించిన పిదప హస్తచర్మ పునర్నిర్మాణము

నిర్వచనము

హస్తముపై పుట్టిన కణితిని దాని చుట్టునున్న ఆరోగ్యవంతమైన కణజాలపు అంచుతో కూడ ఛేదించి తీసివేసినపుడు అచట ఏర్పడు చర్మలోపమును, అదే చేతి ముంజేయినుండి రక్తనాళసహితముగా లేవనెత్తిన చర్మఖండముచే కప్పెడి శస్త్రచికిత్సను ముంజేతి ఫ్లాపు పునర్నిర్మాణమందురు. ఫ్లాపు అనగా తన రక్తప్రసారమును తానే వెంటగొని వచ్చెడి చర్మఖండము. అందు చర్మము, చర్మము క్రింది క్రొవ్వు, దాని దిగువ కండరములను కప్పియుండెడి కండరపుపొర ఇమిడియుండును. అవసరమునుబట్టి కండరమును ఎముకకు కలిపెడి టెండను ముక్కయో, ఎముక తునకయో కూడ దానితో రావచ్చును. ముంజేతినుండి పూర్తిగా వేరుచేయక ఒక కాడపై త్రిప్పి హస్తమునకు చేర్చినచో దానిని కాడగల ఫ్లాపనియు, రక్తనాళములను త్రెంచి వేరొకచోట సూక్ష్మదర్శిని క్రింద మరల కుట్టినచో స్వేచ్ఛా ఫ్లాపనియు వ్యవహరింతురు. ఈ వ్యాసమునకు ప్రధానవిషయము మొదటి రకము.

అంటు, ఫ్లాపు: భేదము

చర్మమును మార్చి వేయుటలో రెండు పద్ధతులు కలవు. తోటపని తెలిసిన పాఠకునకు వీని భేదము సులభముగా బోధపడును. తొడనుండి పలుచగా చెక్కితీసిన చర్మమును గాయముపై పరచుట నారుపీకి నాటుటవంటిది. ఆ చర్మమునకు స్వంత రక్తనాళములు లేవు, క్రింది నేల తడిగా, సజీవముగా ఉన్నప్పుడే అది వేరూనుకొనును. దీనిని చర్మపు అంటు లేక స్కిన్ గ్రాఫ్టు అందురు. కొమ్మను తల్లిచెట్టునుండి కోయకయే వంచి మట్టిలో పూడ్చి, వేళ్లు పుట్టువరకు తల్లి రసముతోనే బ్రతికించెడి నేల అంటువంటిది ఫ్లాపు. దాని జీవము క్రింది నేలపై ఆధారపడియుండదు. కావున ఎముక బయటపడినచోట, కీలు తెరచుకొన్నచోట, టెండనుపై నుండెడి పలుచని పొర ఊడిపోయినచోట గ్రాఫ్టు నిలువకపోయినను ఫ్లాపు నిలుచును.

హస్తచర్మ స్వభావము

చేతి పైభాగపు చర్మము పలుచనిది, వదులైనది. పిడికిలి బిగించినపుడు సాగి, తెరచినపుడు ముడుతలు పడును. దాని క్రిందనే వ్రేళ్లను చాచెడి టెండన్లు చర్మమునకు ఎంతో చేరువగా జారుచుండును. అరచేతి చర్మము ఇందుకు కేవలము విరుద్ధము: దట్టమైనది, నారపోగులచే క్రింది పొరకు బిగింపబడినది, వెండ్రుకలు లేనిది, స్పర్శజ్ఞానమున అత్యంత సూక్ష్మమైనది. పత్తికాయనుండి దూదిని లాగునపుడు, తునికాకును కట్టగట్టునపుడు, నాటువేయునపుడు పని అంతయు ఈ రెండు చర్మముల పొందికపైనే నడచును. ముంజేతి చర్మము పలుచదనమున, మెత్తదనమున చేతి పైభాగమునకు చాల దగ్గరగా నుండును గాని అరచేతికి సరిసాటి కాదు. అందువలననే ముంజేతి ఫ్లాపులు ప్రధానముగా చేతి పైభాగమునకును, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనున్న సందుకును, మణికట్టునకును వినియోగపడుచున్నవి.

ఏ కణితులు

హస్తచర్మమున కానవచ్చు కాన్సర్లలో స్క్వేమస్ సెల్ కార్సినోమా ప్రధానమైనది. జనవ్యవహారమున రాచపుండు అనెడి మాటకు ఒక రూపమిదియే. తెల్లని చర్మము గల జాతులలో దీనికి ముఖ్యహేతువు ఎండ. మన దేశపు నల్లని చర్మమున మెలనిన్ అనెడి వర్ణద్రవ్యము కొంత రక్షణ నిచ్చును గనుక, ఇచట ఈ వ్యాధి తరచుగా పాతగాయపు మచ్చలనుండి, మానని పుండ్లనుండి పుట్టును. బాల్యమున పొయ్యిలో చేయి కాలి, ఆ మచ్చ దశాబ్దములపాటు పగులుచు మానుచు నుండి, చివరకు అంచులు పైకిలేచిన పుండుగా మారుట ఇందుకు దృష్టాంతము. 1828లో ఇట్టి పుండ్లను వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు మార్జొలిన్ పేర వీనిని మార్జొలిన్ పుండ్లందురు.

బేసల్ సెల్ కార్సినోమా చేతిపై అరుదు. మెలనోమా మనవారిలో అరచేతులయందు, అరికాళ్లయందు, గోళ్ల క్రింద నల్లని మచ్చగా పొడసూపును. మెత్తని కణజాలపు సార్కోమాలలో 1970లో ఎంజింగర్ వర్ణించిన ఎపిథీలియాయిడ్ సార్కోమా హస్తమునకును ముంజేతికిని ప్రత్యేకముగా ప్రీతిపాత్రమైనది. నొప్పిలేని చిన్నగడ్డవలె మొదలై టెండన్ల వెంబడి ప్రాకుటచే ఇది వైద్యులను సైతము మోసగించును.

కోతకు విడువవలసిన అంచు కణితినిబట్టి మారును. అపాయము తక్కువగల స్క్వేమస్ కార్సినోమాకు 4 నుండి 6 మిల్లీమీటర్లును, అపాయము హెచ్చైనదానికి 10 మిల్లీమీటర్లు లేక అంతకు మించియు, 1 మిల్లీమీటరు లోతు దాటని మెలనోమాకు 1 సెంటీమీటరును, 2 మిల్లీమీటర్లు దాటినదానికి 2 సెంటీమీటర్లును విడుచుట వాడుక. రూపాయి బిళ్లంత పుండునకు అరచేయంత లోపమేర్పడుటకు కారణము ఇదియే. రోగికి ఈ సంగతి ముందుగనే విశదపరుపవలెను.

చరిత్ర

సజీవచర్మమును కాడతో సహా త్రిప్పి లోపమును పూడ్చుట భారతదేశమునకు ప్రాచీనకాలమునుండి పరిచితము. సుశ్రుతసంహిత సూత్రస్థానము 16వ అధ్యాయమున తెగిన ముక్కును, చెవిని చక్కదిద్దు విధము చెప్పబడినది: లోపము కొలతకు ఒక ఆకును కత్తిరించి, ఆ ఆకు ప్రమాణమున చెంపనుండి మాంసమును లేవనెత్తి, ఒక ప్రక్క అతుకు విడువక త్రిప్పి అంటించుట. నేటి శస్త్రవైద్యుడు గాయముపై గుడ్డపేలికను పరచి, కత్తిరించి, ఆ నమూనాను ముంజేతిపై గీయుట ఆ ఆకుపనికి నేరుగా వారసత్వము. 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్మన్స్ మ్యాగజైన్ పత్రిక, టిప్పు సుల్తాను సైనికుల చేతిలో ముక్కు కోల్పోయిన కవాస్జీ అను ఎడ్లబండివానికి పూనా ప్రాంతపు సంప్రదాయవైద్యుడు నుదుటి చర్మముతో ముక్కు నిర్మించిన వృత్తాంతమును ప్రకటించెను. దానిని చదివిన కార్ప్యూ అను ఆంగ్లవైద్యుడు 1814లో ఆ విధానమును లండనులో ప్రయోగించెను. ఇటలీలో టాగ్లియకోజీ 1597లో ప్రకటించిన గ్రంథమున భుజముచర్మమును ముక్కునకు చేర్చు విధమును వివరించియుండెను. చేయి ముఖమునకు అప్పిచ్చిన ఆ పద్ధతిలో రోగి వారములతరబడి చేతిని తలకు కట్టుకొని యుండవలసివచ్చెడిది.

ముంజేతినుండి హస్తమునకు చర్మమును త్రిప్పవచ్చునని గ్రహించుటకు చాలకాలము పట్టెను. ధమనులు చర్మమునకు ఏయే దారుల రక్తమును చేర్చునో తెలియకపోవుటయే అందుకు కారణము. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సను గజ్జచర్మపు ఫ్లాపును వర్ణించిరి. దానితో హస్తలోపమును కప్పినచో చేతిని సుమారు మూడు వారములు గజ్జకు కుట్టియుంచి, పిదప కాడను కోయవలెను. అనంతరము చైనాదేశమునందలి షెన్యాంగ్ నగరపు యాంగ్ గువోఫాన్, గావో యూజీ అను వైద్యులు రేడియల్ ధమనిపై ఆధారపడిన ముంజేతి ఫ్లాపును కనుగొని 1981లో ప్రకటించిరి. దానిని చైనా ఫ్లాపని ప్రపంచము పిలిచెను. కొలదికాలములోనే ఆ ఫ్లాపును తలక్రిందులుగా మణికట్టువద్ద త్రిప్పి హస్తమునకు చేర్చవచ్చునని ఐరోపా, చైనా వైద్యులు నిరూపించిరి. ప్రధానధమనిని బలిచేయక యుండు మార్గమునకై వెదకిన ఫలితముగా జాన్‌కొల్లి, ఆంజ్రిజియాని, మాస్కెలె, పెంటియాడో మున్నగువారి కృషిచే 1980ల మధ్యభాగమున పోస్టీరియర్ ఇంటర్‌ఆసియస్ ఫ్లాపును, బెకర్, గిల్బర్టుల కృషిచే 1988లో అరత్ని పార్శ్వపు (చిటికెనవ్రేలి వైపు) చిన్నఫ్లాపును వెలసినవి.

ఎదురు రక్తప్రవాహము

మోచేతివద్ద భుజధమని రెండుగా చీలి, బొటనవ్రేలి వైపున రత్ని ఎముకవెంట రేడియల్ ధమనిగను, చిటికెనవ్రేలి వైపున అరత్ని ఎముకవెంట అల్నార్ ధమనిగను సాగును. వైద్యుడు మణికట్టున మూడువ్రేళ్లుంచి నాడి చూచునది రేడియల్ ధమనిమీదనే. ఈ రెండు ధమనులును అరచేతిలో రెండు ధనురాకారపు కమానులచే ఒండొంటితో కలియును. కనుక ముంజేతి ఎగువభాగమున రేడియల్ ధమనిని కట్టివేసినను, అల్నార్ ధమని రక్తము అరచేతి కమానుల గుండ మరలివచ్చి రేడియల్ ధమనిలో మణికట్టునుండి మోచేతి దిక్కునకు ఎదురెక్కును. గోదావరి తూర్పు దక్షిణములుగా సాగుటయే సహజమైనను మంచిర్యాల జిల్లా చెన్నూరువద్ద కొంతదూరము ఉత్తరవాహినియై ప్రవహించునట్లు, ఈ ఫ్లాపులో రక్తము తన నిత్యమార్గమునకు విముఖమై పారియు అంతే సమృద్ధిగా చర్మమును పోషించును.

ధమని విషయము ఇంత సులువుగా తేలినను సిరల విషయము చిరకాలము వివాదాస్పదముగ నుండెను. సిరలలో రక్తమును హృదయము వైపునకే పోనిచ్చెడి కవాటములుండగా, ఫ్లాపునుండి రక్తము వెనుదిరిగి మణికట్టు వైపునకు ఎట్లు పారును? ధమనికి ఇరుప్రక్కల జంటగా నడచు సన్నని సిరలు నడుమ నడుమ అడ్డదారులచే కలిసికొనుచుండుననియు, కవాటము మూసియున్నచోట రక్తము ఆ అడ్డదారుల గుండ కవాటమును తప్పించుకొని పోవుననియు 1984లో లిన్, ఆయన సహచరులు వివరించిరి. ఈ ప్రవాహము కుదురుకొనుటకు కొంత వ్యవధి పట్టుటచే మొదటి రెండు మూడు దినములు ఫ్లాపు ఉబ్బి నీలవర్ణము దాల్చుట కలదు.

ఏ చేతికైనను శస్త్రక్రియకు పూర్వము ఆలెన్ పరీక్ష అనివార్యము. 1929లో ఎడ్గర్ ఆలెన్ వర్ణించిన ఈ పరీక్ష నేటి సవరించిన రూపములో రోగి పిడికిలి బిగింపగా వైద్యుడు రెండు ధమనులను అదిమిపట్టి, పిడికిలి తెరచిన పిమ్మట అల్నార్ ధమనిని మాత్రము వదలును. పాలిపోయిన అరచేయి సుమారు 5 నుండి 10 సెకనులలోపల ఎర్రబడినచో కమానులు సక్రమముగ నున్నవి. సందేహమున్నచో డాప్లర్ యంత్రముతో ధ్వని వినవలెను. మణికట్టు గుండ గుండె యాంజియోగ్రాం చేయించుకొన్నవారిలో రేడియల్ ధమని మూసికొనిపోయి యుండుటకు అవకాశమున్నది. ఈ సంగతిని రోగి చెప్పకపోయినను వైద్యుడు తప్పక అడుగవలెను.

రకములు

రేడియల్ ముంజేతి ఫ్లాపు వీనిలో అత్యంత విశ్వసనీయము. బ్రేకియోరేడియాలిస్, ఫ్లెక్సర్ కార్పి రేడియాలిస్ అను రెండు కండరముల నడిమి పొరగుండ ధమనినుండి చర్మమునకు సన్నని శాఖలు చేరును. ఆ పొరను ధమనినుండి వేరుకాకుండ కాపాడుటయే ఈ శస్త్రక్రియ మర్మము. చేతి పైభాగమునంతటిని కప్పుటకును, వ్రేళ్ల తొలికణుపుల వరకు చేరుటకును ఇది చాలును. దీని మూల్యము ఒక ప్రధానధమనియు, ముంజేతిపై కంటబడునట్టి మచ్చయు.

పోస్టీరియర్ ఇంటర్‌ఆసియస్ ఫ్లాపు ముంజేతి వెనుకభాగమునుండి వచ్చును. మోచేతి వెలుపలి ఎముకబొడిపెనుండి మణికట్టు చిటికెనవ్రేలి వైపునగల ఎముకబొడిపెకు గీసిన గీతయే దీని అక్షము. క్రింది బొడిపెకు సుమారు 2 సెంటీమీటర్ల ఎగువన ఇది తిరుగును. అచట ముందువైపు ధమనితో దీనికి సంధి కలదు. హస్తమునకు ముఖ్యమైన ధమనులు రెండును భద్రముగా నుండుట దీని గుణము. వ్రేళ్లను చాచెడి నాడీశాఖలు ధమనిని పెనవేసికొని యుండుటచే వానిని తప్పించుట శ్రమసాధ్యము. ధమనీసంధి లోపించిన చేతులును అరుదుగా కలవు.

అల్నార్ ధమని పృష్ఠశాఖపై లేచెడి ఫ్లాపు చిటికెనవ్రేలి వైపు లోపములకును, మణికట్టునకును చాలును. క్రొవ్వును కండరపుపొరను మాత్రమే త్రిప్పి, దానిపై గ్రాఫ్టు పరచెడి పద్ధతి మరియొకటి. ముంజేతి చర్మము ముంజేతియందే నిలుచుటచే మచ్చ ఒక గీతగా మిగులును, చేతిపై దళసరితనమును తగ్గును.

కాన్సరు చికిత్సకు ప్రత్యేకమైన నియమములు

ప్రమాదమున చర్మమూడిన చేతికిని, కాన్సరు తీసిన చేతికిని ఒకే ఫ్లాపు వేయవచ్చునుగాని ఆలోచనాక్రమము ఒకటి కాదు. ఈ భేదమును విస్మరించుటయే పునర్నిర్మాణమున సంభవించు దోషములలో గురుతరమైనదని చెప్పవచ్చును.

మొదటిది, అంచులలో వ్యాధి లేదని తేలువరకు ఫ్లాపును త్రిప్పరాదు. శస్త్రక్రియాసమయముననే కణజాలమును ఘనీభవింపజేసి పరీక్షించు సౌకర్యమున్నచోట ఆ ఫలితమునకై వేచియుండవలెను. లేనిచోట గాయమును శుభ్రమైన కట్టుతో కప్పి, కొన్నిదినములకు నివేదిక వచ్చిన పిదప పునర్నిర్మింపవలెను. ఫ్లాపును త్రిప్పిన తరువాత గాయపు హద్దులు చెదరిపోవును, మిగిలిన వ్యాధి ఎచటనున్నదో కనుగొనుట దుర్లభము, అది దట్టమైన చర్మముక్రింద చాలకాలము దాగియుండును. వేచియుండుటవలన కలుగు నష్టము కొద్దిదినములు మాత్రమే.

రెండవది, ముంజేతిని కణితిచే మలినము కానీయరాదు. రక్తమును పిండివేయుటకు వ్రేళ్లనుండి పైకి చుట్టెడి ఎస్మార్క్ రబ్బరు పట్టీని కాన్సరున్న చేతికి చుట్టరాదు; చేతిని కొన్ని నిమిషములు ఎత్తిపట్టి, పిదప భుజముపై రక్తమును ఆపెడి టోర్నికే బిగించుట చాలును. కణితిని తీసిన కత్తులను, చేతితొడుగులను, గుడ్డలను మార్చిన తరువాతనే ముంజేతిని తాకవలెను.

మూడవది, చేతినుండి లసికానాళములు ముంజేతిమీదుగనే మోచేతికిని చంకకును సాగును. లోతైన మెలనోమా, ఎపిథీలియాయిడ్ సార్కోమా వంటివి ఆ దారినే ప్రయాణించు స్వభావము కలవి గనుక, అట్టి సందర్భములలో అదే ముంజేతిని కోయుట ఉచితమా అను ప్రశ్న ముందుగా పరిష్కరింపవలెను. తొడనుండి తెచ్చెడి స్వేచ్ఛా ఫ్లాపు అచట మేలు కావచ్చును. కణితి అరచేతి కమానును ఆక్రమించినచో ఎదురుప్రవాహపు ఫ్లాపు అసాధ్యము.

శస్త్రక్రియ

చంకవద్ద మందు ఎక్కించి చేతిని మాత్రమే తిమ్మిరి పరచెడి నాడీరోధము అనేకులకు చాలును. నమూనాను ముంజేతిపై ఉంచునపుడు తిరుగుడుబిందువునుండి లోపపు చివరకు ఎంతదూరమో, అదేబిందువునుండి ఫ్లాపు చివరకు అంతకంటె కొంచెము ఎక్కువదూరముండునట్లు కొలువవలెను, కాడ లాగబడినచో సిరలు మూసికొనును. ధమనిని కోయుటకు ముందు దానిని బిగించి, టోర్నికే వదలి, వ్రేళ్లును ఫ్లాపును ఎర్రబడుచున్నవో లేదో చూచుట ఉత్తమాచారము. కాడను ఇరుకైన సొరంగమున దూర్చుటకంటె చర్మమును తెరచి పరచుట క్షేమము. ముంజేతిలోపము వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లలోపల నున్నచో దానిని నేరుగా కుట్టవచ్చును. మించినచో తొడనుండి గ్రాఫ్టు వేయుదురు.

చిక్కులు, ముంజేతి నష్టము

సిరలు మూసికొని ఫ్లాపు నల్లబడుట, అంచులు చచ్చుట, గ్రాఫ్టు టెండనుపై నిలువకపోవుట ముఖ్యమైన చిక్కులు. రేడియల్ నాడి పైశాఖ దెబ్బతిన్నచో బొటనవ్రేలి వెనుక తిమ్మిరి మిగులును. చలికాలమున వ్రేళ్లు చల్లబడి నొప్పిపెట్టుట కొందరిలో కానవచ్చును. ముంజేతి రోమములు చేతిపై పెరుగుట, ఫ్లాపు ఉబ్బెత్తుగా నుండుట వ్యాధులు కాకపోయినను నలుగురిలో చేయి చాచువానికి బాధకరములే. ఉబ్బెత్తును కొన్నినెలల పిదప చిన్నశస్త్రక్రియచే తగ్గింపవచ్చును.

అనంతరసంరక్షణ

చేతిని హృదయముకంటె ఎత్తున నుంచి, మొదటి రెండుదినములు ఫ్లాపు రంగును, వేడిమిని గంటగంటకు చూచెదరు. వ్రేలితో నొక్కి విడిచినపుడు తెల్లబడి మెల్లగ ఎర్రబడుట ఆరోగ్యలక్షణము. వెంటనే ఎర్రబడుట సిర మూసికొన్నదనుటకును, అసలు ఎర్రబడకపోవుట ధమని మూసికొన్నదనుటకును గుర్తు. మణికట్టు 20 నుండి 30 డిగ్రీలు వెనుకకు, వ్రేళ్లమొదళ్లు 70 నుండి 90 డిగ్రీలు ముందునకు వంగి, కణుపులు తిన్నగా నుండునట్లు పట్టీ కట్టుదురు. ఫ్లాపు కుదురుకొన్న వెంటనే వ్యాయామము ప్రారంభింపవలెను. అందముగా మానియు వంగని వ్రేళ్లుగల చేయి కూలిపనివానికి సగముచేయి మాత్రమే. కావున ఫిజియోథెరపీ ఈ చికిత్సలో అంతర్భాగము, పిదప చేర్చెడి అలంకారము కాదు.

ఇతర మార్గములు

టెండనుపై పొర చెడని చిన్నలోపమునకు గ్రాఫ్టు చాలును. గజ్జ ఫ్లాపు ముంజేతిని కోయనవసరము లేని పాతమార్గము. సూక్ష్మశస్త్రపరికరములు లేనిచోట నేటికిని ఆదరణీయము. రేడియల్ ఫ్లాపునే స్వేచ్ఛగా కోసి నోటికి చేర్చుటను 1983లో సౌటర్ ప్రచురించెను. పొగాకుచే నోటికాన్సరు ప్రబలిన మనదేశమున హస్తముకంటె నాలుకకే ఈ ఫ్లాపు ఎక్కువగా ఉపకరించుచున్నది. (చూ. నోటి కాన్సరు, స్వేచ్ఛా ఫ్లాపులు.)

చెన్నూరు ప్రాంతమున చికిత్సామార్గము

పూర్వము ఆదిలాబాదు జిల్లాలోను, 2016 అక్టోబరు 11 నుండి మంచిర్యాల జిల్లాలోను ఉన్న చెన్నూరు చుట్టుపట్ల జీవనము చేతులపై నడచునది: ఒకవైపు మందమర్రి, రామకృష్ణాపూర్ల బొగ్గుగనులు, మరియొకవైపు కోటపల్లి, వేమనపల్లి అడవులలో వేసవిని తునికాకు సేకరణ, పొలములలో పత్తి, వరి. మానని పుండుతోడనే పనిచేయుచు, పసరుకట్లు మార్చుచు నెలలు గడపుట ఇచట అపూర్వము కాదు.

పునర్నిర్మాణమునకు దూరము పోవలసివచ్చినను రోగనిర్ణయమునకు పోనక్కరలేదు. పుండు అంచునుండి చిన్నముక్క తీసి పరీక్షకు పంపుట సాధారణశస్త్రవైద్యుని పని. 2008లో ఆదిలాబాదున, 2022లో మంచిర్యాల, రామగుండము, జగిత్యాలలయందు ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వరంగల్లు కాకతీయ వైద్యకళాశాల 1959 నాటిది. కాన్సరు తొలగింపునకు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొన్న, మెహదీ నవాజ్ జంగ్ పేరుగల ఎం.ఎన్.జె. కాన్సరు సంస్థయు, ప్లాస్టిక్ సర్జరీకి మూసీతీరపు ఉస్మానియా ఆసుపత్రి, గాంధీ ఆసుపత్రి, నిమ్స్ సంస్థలును కలవు. కాజీపేట-బల్లార్షా రైలుమార్గమున మంచిర్యాల స్టేషను చెన్నూరువారికి దారి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున కాన్సరు శస్త్రచికిత్సలు చేరియున్నవి.

చికిత్స ముగిసి ఊరుచేరిన రోగిని మొదటి రెండుసంవత్సరములు సుమారు మూడునెలలకొకసారి పరీక్షింపవలెను: ఫ్లాపు అంచులను, ముంజేతి మచ్చను, మోచేతి లోపలిప్రక్కను, చంకను చేతితో తడవి గడ్డలకై చూడవలెను. ఫ్లాపు చర్మమునకు మొదట స్పర్శ తక్కువగా నుండుటచే పొయ్యి సెగయు, వేడి పాత్రయు తెలియక కాలును. వంటచేయువారికిని బొగ్గుపనివారికిని ఈ హెచ్చరిక ప్రత్యేకముగా చెప్పవలెను. బయాప్సీ నివేదికను, శస్త్రక్రియ వివరముల కాగితమును రోగి తనవద్దనే భద్రపరచుకొనవలెను. ఏ ధమనిపై ఫ్లాపు లేచినదో ఆ కాగితముననే యుండును, తరువాతికాలమున గుండెకో మూత్రపిండములకో చికిత్స జరుగునపుడు ఆ చేతికి సూది గ్రుచ్చబోవు వైద్యునికి అది తెలిసియుండవలెను.